బడి గంట మ్రోగక ముందే



జూన్ రెండవ వారంలో బడులు తెరుస్తారు. తొలకరి పడితే మన జగ్గయ్యపేట, నందిగామ మెట్ట చేలల్లో పత్తి గింజలు పెట్టే పనీ అప్పుడే. పెద్దలు పొద్దున్నే చేలకు పోతారు, పిల్లలు బడికి పోతారు. నడవలేని బిడ్డ, వినలేని బిడ్డ, బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్న బిడ్డ మాత్రం నాయనమ్మ దగ్గర అరుగు మీద మిగిలిపోతారు. "వీడికి చదువేం వస్తుందిలెండి, నలుగురూ నవ్వుతారు" అనే మాట మేము తరచుగా వింటున్నాము. ఈ నెల ఆ బిడ్డను గురించే ఆలోచిద్దాం.

పుట్టుకతోనే చూపులేని మనిషి విషయంలో తప్పు ఎవరిదని శిష్యులు అడిగితే, అతనిదీ కాదు, కన్నవారిదీ కాదని ప్రభువు తేల్చి చెప్పిన సంగతి యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో ఉంది. గనుక సిగ్గుపడి బిడ్డను దాచవలసిన పనిలేదు.

చట్టం కూడా బిడ్డ పక్షముననే ఉన్నది. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించగా, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. వైకల్యం 40 శాతం గాని అంతకు మించి గాని ఉన్న బిడ్డకు 6 నుండి 18 ఏళ్ళ వరకు దగ్గరలోని బడిలోనో, ప్రత్యేక పాఠశాలలోనో ఉచితంగా చదువుకొనే హక్కు ఉంది. డాక్టర్లు ఇచ్చే సదరం సర్టిఫికెట్టు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. పరీక్షల్లో అదనపు సమయానికి, రాసిపెట్టే మనిషికి అడిగేటప్పుడు అది అక్కరకు వస్తుంది.

ఇక ఇంట్లో చేయవలసినవి. బడి తెరవడానికి రెండు వారాల ముందు నుండే బడి వేళకు లేపి, స్నానం చేయించి, అన్నం పెట్టండి. బడికి పోయే దారిలో నాలుగైదు సార్లు నడిపించండి. తరగతి గది, కుళాయి, మరుగుదొడ్డి చూపించండి. గుండీలకు బదులు ఎలాస్టిక్ నిక్కరు కుట్టిస్తే తానే విప్పుకోగలడు. మధ్యాహ్న భోజనానికి పళ్ళెం పట్టుకొని వరుసలో నిలబడటం ఇంటి దగ్గరే ఆటగా నేర్పండి.

పంతులుగారిని ముందుగా కలిసి, ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసివ్వండి: ఏ పేరుతో పిలిస్తే పలుకుతాడు, ఒంటికి వస్తే ఎలా సైగ చేస్తాడు, దేనికి భయపడతాడు, ఏ మందులు వాడుతున్నాడు. మూర్ఛ ఉంటే తప్పక చెప్పండి. మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళాలు, ఇనుప ముక్కలు పెట్టడం వలన ప్రయోజనం లేదు. నోట్లో ఏమీ కుక్కరాదు. ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అయిదు నిమిషాలు దాటినా తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి. బాగుందిగదా అని డాక్టరును అడగకుండా మందులు ఆపవద్దు.

ఇటువంటి పిల్లల కోసం మన రాష్ట్రంలో మండలాలలో భవిత కేంద్రాలు పెట్టారు. అక్కడ ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లుంటారు. మీకు దగ్గరలో ఎక్కడున్నదో మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి. బొత్తిగా కదలలేని బిడ్డకు ఇంటి దగ్గరే నేర్పే ఏర్పాటు గురించి కూడా అక్కడే అడగండి.

మార్కులను గురించి తొందరపడకండి. తన అన్నం తాను తినడం, తన పేరు చెప్పడం, ప్రక్కవాడితో కలిసి కూర్చోవడం ఈ ఏడు నేర్చుకుంటే అది గొప్ప సంగతే.

సంఘ పెద్దలకూ ఒక మనవి. కుంటోడా, మూగదానా అని పిలవడం మనలో మానిపిద్దాం. పేరు పెట్టి పిలుద్దాం. సండేస్కూలులో అరగంట తోటిపిల్లల మధ్య కూర్చోబెడితే ఆ బిడ్డకు బడి సగం అలవాటైనట్టే. మొదటి వారం ఇంట్లో ఒకరు కూలి మానుకొని బడి దగ్గర ఉండవలసి రావచ్చు. పేద ఇంటికి అది చిన్న నష్టం కాదు. ఆ వారం రోజులూ బిడ్డను బడికి తీసుకొనిపోయి తీసుకొని వచ్చే పనిని ఇరుగుపొరుగువారు, స్త్రీల సమాజంవారు పంచుకోవాలని కోరుచున్నాము.