చేతియంత్రమూ, సంత లెక్కా

వర్తకానికి తూకమెంత ప్రాణమో, లెక్కా అంతే ప్రాణం. తూకంలో మోసం కంటికి కనబడుతుంది. లెక్కలో మోసం ఏండ్ల తరబడి కనబడదు. కనుక లెక్క వ్రాసే సాధనం మారినప్పుడెల్లా, ఆ మార్పు ఎవరికి మేలు చేసినదని విచారించడం వాణిజ్యశాస్త్ర విద్యార్థుల కర్తవ్యం.

అరచేతిలో ఇమిడే డిజిటల్ డైరీ అట్టి సాధనాలలో ఒకటి. 1984లో ఇంగ్లండులో ‘సయాన్ ఆర్గనైజరు’, 1996లో అమెరికాలో ‘పామ్ పైలట్’ వెలువడ్డాయి. చిరునామాలు, గడువులు, బాకీలు జేబులో పెట్టుకొని తిరుగవచ్చునని వ్యాపారులు సంతోషించారు. మన దేశంలో బెంగుళూరు శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు రూపొందించిన ‘సింప్యూటరు’ 2004లో బజారుకు వచ్చింది. భారతీయ భాషలలో పలుకగలగడం, స్మార్ట్ కార్డులు మార్చుకొంటూ ఒకే యంత్రాన్ని పలువురు వాడుకొనగలగడం దాని విశేషాలు. కాని అది ఆశించినంతగా అమ్ముడుపోలేదు. నేడు ఆ పనులన్నీ ఫోనే చేస్తున్నది. యంత్రం మారినా, దానిని పరీక్షింపవలసిన తీరు మారలేదు.

వెల ఎంత, వేగమెంత, బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుంది అని సాధారణంగా అడుగుతారు. ఇవి కొనేవాని ప్రశ్నలు. వర్తకంలో రెండవ మనిషి ఒకడున్నాడు. యంత్రం తెరపై ఉన్నది అతడు చదువగలడా అన్నదే నా దృష్టిలో మొదటి ప్రశ్న.

దీనికి మన ప్రాంతంలోనే నిదర్శనాలు కలవు. 2000 తరువాతి తొలి సంవత్సరాలలో మెదక్ జిల్లాలో ఎస్.కె.ఎస్. సూక్ష్మఋణ సంస్థ స్మార్ట్ కార్డులతో, చేతియంత్రాలతో అప్పుల లెక్క నడిపి చూసింది. సమావేశాలలో ఆదా అయిన కాలం స్వల్పం. కార్డులోని అంకె సభ్యురాలికి కనబడదు గనుక ఆమె పాసుపుస్తకంలో చేతితో వ్రాయక తప్పలేదు. తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధిహామీ కూలీని, పింఛన్లను వేలిముద్ర యంత్రాల ద్వారా ఊరిలోనే చెల్లించే పద్ధతి తెచ్చింది. మురళీధరన్, నీహాస్, సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు 157 మండలాలలో దీనిని పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రకటించారు. ఉపాధిహామీ సొమ్ములో దుర్వినియోగం సుమారు 41 శాతం తగ్గినదనీ, కూలి అందుకొనడానికి పట్టే సమయం 22 నిమిషాలు తగ్గినదనీ తేలింది. రెండింటిలోనూ యంత్రం చిన్నదే. రెండవ దానిలో సొమ్ము పుచ్చుకొనేవాని వేలు లేనిదే లెక్క పూర్తి కాదు. ఫలితం మారడానికి ఇదొక ముఖ్య కారణమని నా అభిప్రాయం.

ఇక అరకు లోయకు వద్దాం. కొండపల్లెల నుండి పసుపు, మిరియాలు, చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్లు నెత్తిన మోసుకొని గిరిజనులు సంతకు దిగివస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంత కొంటుంది. మిగిలినది ప్రైవేటు వర్తకులు కొంటారు. పంటకు ముందే అప్పు ఇచ్చి, పంటతో తీర్చుకొనే ఆచారం ఈ కొండలకు పాతది. షెడ్యూలు ప్రాంతాలలో వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేయడానికి 1960లోనే ప్రత్యేక నిబంధన చేయవలసి వచ్చినదంటే, లెక్క ఒకే వైపున ఉండడం ఎంత ప్రమాదమో ఊహింపవచ్చు. అమ్మేవారిలో పలువురి ఇంటి మాట కువి, ఆదివాసీ ఒరియా వంటి భాషలు. ఇంగ్లీషు తెర వారికి మూసిన తలుపే. పాత చిట్టాపుస్తకాన్ని బడికి వెళ్ళే కుమారుడైనా ఒకసారి చదివి చెప్పగలిగేవాడు. రహస్య సంఖ్యతో తెరచుకొనే యంత్రాన్ని వాడు సైతం చదువలేడు.

పైగా కొండలలో విద్యుత్తు, సంకేతం నమ్మదగినవి కావు. 2015 నుండి రేషను దుకాణాలలో ప్రవేశపెట్టిన ఈ-పాస్ యంత్రానికి సంకేతం అందక, ఏజెన్సీ ప్రజలు వేలిముద్ర వేయడానికి గుట్ట ఎక్కవలసి వచ్చిన వార్తలు పత్రికలలో చూశాము.

ఉర్దూ, తెలుగు పక్కపక్కన ముద్రింపబడే ఈ సంచికలో ఒక మాట చెప్పడం ఉచితం. జమ, బాకీ, వసూలు, రసీదు: మన తెలుగు వర్తకులు నిత్యం పలికే ఈ మాటలు అరబ్బీ, ఫారసీల నుండి వచ్చినవి. మొదటి మూడూ వర్తకుని పుస్తకంలో ఉంటాయి. రసీదు ఒక్కటే ఎదుటివాని చేతికి వస్తుంది. చేతియంత్రాలు సాధారణంగా మొదటి మూడింటిని సులభం చేసి, నాలుగవదానిని మరచిపోతున్నాయి.

అందుచేత యంత్రం వద్దనడం నా ఉద్దేశం కాదు. సంతలకు సరుకు తీసుకొనిపోయే చిన్న వ్యాపారికి అది నిజంగా ఉపకరిస్తుంది. కూడిక తప్పదు, గడువు మరువదు. అయితే మూడు షరతులు ఉండాలి. తూకం, ధర, మిగులు బాకీ అచ్చయిన చీటీ అమ్మినవాని చేతికి రావాలి. ఆ అంకెలను అతని భాషలో పైకి చదివి వినిపించాలి. సంకేతం లేనప్పుడూ యంత్రం పనిచేయాలి. చెడిపోతే చూసుకొనడానికి కాగితపు ఖాతా ఒకటి ఉండాలి. ఈ మూడూ లేని యంత్రం ఎంత ఖరీదైనదైనా వ్యాపారానికి పనికిరాదని నేను నిర్ణయిస్తాను.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. వాణిజ్యశాస్త్ర విద్యార్థులను ఏటా ఒకసారి అరకు, పాడేరు సంతలకు పంపండి. వర్తకుని తెరనూ, అమ్మినవాని చేతి చీటీనీ పక్కపక్కన పెట్టి సరిచూసే పని వారికి అప్పగించండి. విద్యార్థి మిత్రులారా, రేపు మీలో కొందరు అంగళ్ళు తెరుస్తారు, కొందరు బ్యాంకులలో చేరుతారు. మీ జేబులోని లెక్కను ఎదుటివాడు చదువగలిగేటట్లు ఉంచండి.