క్యాలెండరు ఫోనులోకి వచ్చింది సరే, కబురు రోగికి అందిందా?



డాక్టర్ల ఓ.పి. రోజులు, ఆపరేషన్ తేదీలు, నర్సుల డ్యూటీలు ఇప్పుడు చాలా ఆస్పత్రులలో కంప్యూటరులోనే ఉంటున్నాయి. ఈ వివరాలన్నీ ఒకచోట దాచే కంప్యూటరును సర్వర్ అంటారు. మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ వంటి సర్వర్‌లోని క్యాలెండరును స్మార్ట్‌ఫోనుతో కలిపితే, ఆఫీసులో మార్చిన తేదీ కొద్దిసేపట్లో డాక్టరు గారి ఫోనులోనూ మారుతుంది. దీనినే సింక్ అంటారు. ఇది మంచి సౌకర్యమే. అయితే ఇది ఉంది కాబట్టి చీటీలు, రిజిస్టర్లు అక్కరలేదనే మాటను మాత్రం నేను ఒప్పుకోను.

డాక్టరు గారు గురువారం సెలవు పెడితే ఆ సంగతి సర్వరుకు తెలుస్తుంది, ఫోనుకు తెలుస్తుంది, కౌంటరులో ఉన్నవారికి తెలుస్తుంది. కూలి మానుకొని, పరగడుపున రెండు బస్సులు మారి వచ్చే షుగరు రోగికి తెలియదు. కాబట్టి తేదీ మార్చినవారే రోగికి ఫోను చేసి చెప్పాలి. చెప్పినట్లు రిజిస్టరులో రాయాలి. ఓ.పి. చీటీ మీద తేదీ చేత్తో రాసి ఇవ్వడం మానకూడదు.

సిబ్బంది తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. క్యాలెండరును ఒకసారి ఫోనులోకి కాపీ చేసుకోవడం సింక్ కాదు. తరువాత జరిగిన మార్పులు ఆ కాపీలోకి రావు. నిజమైన సింక్ సాధారణంగా రెండు వైపులా పనిచేస్తుంది. ఫోనులో పొరపాటున చెరిపినది సర్వర్‌లోనూ పోవచ్చు. అందువలన అందరికీ చూసే అనుమతి, ఒకరిద్దరికే మార్చే అనుమతి ఉండడం మంచిది. బ్యాటరీ ఆదా చేసే ఏర్పాటు పెట్టిన ఫోనులో కొత్త తేదీలు ఆలస్యంగా రావచ్చు.

రోగి గుట్టు మరొక విషయం. తేదీ గుర్తుచేసే మాట ఫోను తెర మీద కనబడినప్పుడు పక్కవారు కూడా చదువుతారు. అక్కడ రోగి పేరు, జబ్బు పేరు ఉండకూడదు. ఓ.పి. నంబరు చాలు. ఫోనుకు తాళం సంకేతం తప్పక పెట్టుకోవాలి. ఫోను పోతే వెంటనే ఆఫీసుకు చెప్పాలి. ఎక్స్ఛేంజ్‌తో కలిపిన ఫోనులోని ఆఫీసు సమాచారాన్ని దూరం నుండే తుడిచివేసే వీలుంది.

ఇక మన కుటుంబాల సంగతి. పసిబిడ్డకు 6, 10, 14 వారాలకు, తరువాత 9 నెలలు నిండాక టీకాలు వేయించాలి. ఈ తేదీలను తల్లి ఫోనులోనే కాక తండ్రి ఫోనులో కూడా పెట్టుకోండి. ఒకరు మరచినా మరొకరికి గుర్తుంటుంది. టీకా కార్డు మాత్రం భద్రంగా ఉంచుకోండి.

విదేశాలలో ఉన్న పిల్లలు ఇక్కడి తల్లిదండ్రుల ఆస్పత్రి తేదీలను తమ ఫోనులో పెట్టుకొని గుర్తుచేస్తూ ఉంటారు. అది మెచ్చుకోదగినది. కాని టైము పెట్టేటప్పుడు భారత కాలమానం ఎంచుకోవాలి. డల్లాస్ మనకంటే చలికాలంలో 11 గంటల 30 నిమిషాలు, వేసవిలో 10 గంటల 30 నిమిషాలు వెనుక ఉంటుంది. అక్కడి కాలమానంలో నెలనెలా వచ్చే తేదీ పెడితే, వారు గడియారం మార్చినప్పుడల్లా ఇక్కడి టైము ఒక గంట జరుగుతుంది. ఉదయం 9 గంటలకు రావలసిన అమ్మగారు 10 గంటలకు వస్తారు.

సంఘపు యౌవనస్థులకు ఒక మనవి. మీ వీధిలో స్మార్ట్‌ఫోను లేని పెద్దలు ఉంటే, వారి చీటీలోని తేదీని మీ ఫోనులో పెట్టుకోండి. ముందురోజు సాయంత్రం వెళ్లి, "రేపు ఆస్పత్రికి వెళ్లాలి, మామ్మగారూ" అని చెప్పి రండి. ఇది కూడా రోగులకు చేసే సేవే.

ప్రభువు మీ అందరికీ ఆయురారోగ్యములు దయచేయును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్