మలుపు తిప్పేది ఎవరు? (కథ గురించి కొన్ని మాటలు – 6)

డుంబ్రిగుడ మండలంలోని ఒక కొండ ఊరి విద్యార్థి పోయిన నెల కథ రాసి తెచ్చాడు. రోడ్డు లేని ఊరు. నొప్పులు పడుతున్న కోడల్ని డోలీ కట్టి మోసుకొస్తారు. దారిలోనే బిడ్డ పోతుంది. కథ అక్కడ ఆగిపోయింది.

"ఇందులో మలుపు లేదు. ఆ డోలీని ఒక మంచి ఆఫీసరు చూసినట్టు రాయి, రోడ్డు మంజూరు చేయించు" అన్నాను. కాసేపు తల దించుకుని, "ఆఫీసరు రాకపోతే మా కథ నడవదా సార్?" అన్నాడు.

తెలుగు సాహిత్యంలో డాక్టరేటు చేసినవాణ్ణి. దళితుడి కథలో దొరగారి కరుణ ఎందుకని సభల్లో నిలదీసేవాణ్ణి. కొండ కథ దగ్గరికి వచ్చేసరికి నేనూ ఒక దొరని పిలిచాను. ఈ పోస్టు ఆ కుర్రాడికి నేను బాకీపడ్డ జవాబు.

మనం సంఘటననీ మలుపునీ ఒకటే అనుకుంటున్నాం. చావు, వరద, అరెస్టు సంఘటనలు. వాటి ముందు నిలబడ్డ మనిషి ఒక నిర్ణయం తీసుకుని, ఇక వెనక్కి రాలేని చోటికి వెళ్తే అది మలుపు. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' చూడండి. చౌదరయ్య చేతిలో సంగదాసు చనిపోతాడు. జరిగిన చావు ఒక్కటే. తండ్రి రామదాసు ఓర్పునే పట్టుకుంటాడు. అన్న వెంకటదాసు తక్కెళ్ల జగ్గడవుతాడు. కథని తిప్పింది ఆ ఇద్దరూ ఎంచుకున్న దారులు.

మనకి దగ్గరలోనే ఇంకో పాఠం ఉంది. అనంతగిరి మండలం బొర్రా ఊళ్లలో ప్రభుత్వం గిరిజనేతరులకి గనుల లీజులిచ్చింది. ఏజెన్సీలో ఏ 'వ్యక్తీ' గిరిజనేతరులకి భూమి బదలాయించకూడదని 1/70 చట్టం. మరి ప్రభుత్వం వ్యక్తి కిందికి వస్తుందా? 'సమత' సంస్థ వేసిన కేసు హైకోర్టులో ఓడిపోయింది. వస్తుందని 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

దీన్ని కథ చేయమంటే మనలో చాలామంది తీర్పు రోజునే మలుపు పెడతాం. నేనైతే హైకోర్టులో ఓడిన రాత్రి పెడతాను. గనిలో కూలికి వెళ్లే ఒక మనిషిని ఊహించండి. కేసు వదిలేస్తే రేపటి కూలి ఉంటుంది. పట్టుకుంటే అదీ పోవచ్చు. ఆ రాత్రి పొయ్యి దగ్గర మొగుడూ పెళ్లాం ఏం మాట్లాడుకున్నారో తీర్పు కాగితాల్లో ఉండదు. కథకుడు వెళ్లాల్సింది అక్కడికే.

బయటివాడు కథలోకి రానేకూడదని కాదు. 1922 మన్యం తిరుగుబాటుకి అల్లూరి మైదానం నుంచే వచ్చాడు. కానీ చాలీచాలని కూలికి రోడ్డు పని చేయించిన అధికారుల మీద కోపం కొండవాళ్లది. గాం గంటందొర, మల్లుదొర ఆయనతో కలవాలని అనుకోకపోతే ఆ చరిత్ర లేదు. మన కథల్లో మాత్రం వాళ్లు హీరో వెనకాల నిలబడ్డ జనంగా మిగిలిపోయారు.

కాబట్టి కథ రాసే మిత్రులు మలుపు దగ్గర ఆగి మూడు ప్రశ్నలు వేసుకోండి. నిర్ణయం ఎవరిది? దానివల్ల వాళ్లు పోగొట్టుకునేదేమిటి? రేపు మళ్లీ పాత బతుక్కి వెళ్లగలరా? మొదటి ప్రశ్నకి ఆఫీసరో, మాస్టారో, నాయకుడో జవాబైతే ఆ పేజీ మళ్లీ రాయండి. పేదవాడి నిర్ణయం గెలవాలని రూలేమీ లేదు. అది అతనిదై ఉంటే చాలు.

కుర్రాడు మళ్లీ రాసుకొచ్చాడు. కోడల్ని ఆస్పత్రిలో చేర్చి, ఖాళీ డోలీ భుజానెత్తుకుని ఊరికి బయల్దేరిన మగవాళ్లని అత్త ఆపుతుంది. "అది ఆఫీసు గుమ్మంలో దించండర్రా. రోడ్డేసేదాకా అక్కడే ఉంటాది" అంటుంది. ఆమె పింఛను కాగితాలు ఉన్నది ఆ ఆఫీసులోనే.

రోడ్డు పడిందో లేదో కథలో లేదు. నేను ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.

జై భీమ్.