సెల్లారుకు ఓటేది?

హైదరాబాదులో ఏ అపార్ట్‌మెంటుకైనా వెళ్లి చూడండి. గేటు దాటగానే సెల్లారు. సెల్లారు నిండా కార్లు. కార్ల వెనకాల, కరెంటు మీటర్ల పక్కనో మెట్ల కిందనో ఒక గది. ఆ గదిలో ఒక కుటుంబం. పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో కరువుకో అప్పుకో ఊరిడిచి వచ్చినవాళ్లు. అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంటుంది. పై అయిదంతస్తుల్లో ఎంతమందికి అది తెలుసు? ‘వాచ్‌మన్’ అన్నదే అతని పేరు. ‘వాచ్‌మన్ పెళ్లాం’ అన్నదే ఆమె పేరు. మోటారు వేసేది, ట్యాంకరు వస్తే పైపు పట్టేది, అర్ధరాత్రి గేటు తీసేది అతను. మెట్లు ఊడ్చి తుడిచేది, పై ఇళ్లలో అంట్లు తోమేది ఆమె.

ఆదివారం పొద్దున అసోసియేషన్ మీటింగు పెడతారు. కుర్చీలు వేసేది అతనే, టీలు మోసేది అతనే. కూర్చునే హక్కు మాత్రం అతనికి లేదు.

మీటింగులో మాట్లాడేది దేని గురించి? మెయింటెనెన్సు గురించి. ధరలు పెరిగాయి, ఖర్చు తగ్గించాలంటారు. జనరేటరుకు పోసే డీజిలు ధర సెక్రటరీ తగ్గించలేడు. కామన్ కరెంటు బిల్లు ట్రెజరర్ తగ్గించలేడు. లిఫ్టు కంపెనీ వాడు ఒక్క రూపాయి తగ్గడు. ట్యాంకరు వాడు ఎండాకాలం రాగానే రేటు పెంచుతాడు. వీళ్లెవరి దగ్గరా తగ్గనిది చివరికి ఎక్కడ తగ్గుతుంది? వాచ్‌మన్ జీతంలో తగ్గుతుంది. “గది ఫ్రీ గదా, కరెంటు ఫ్రీ గదా, ఇంకేం కావాలి?” అంటారు. చేతులెత్తుతారు. తీర్మానం పాసవుతుంది.

ఆ గది ఫ్రీ కాదు. ఇరవైనాలుగు గంటలూ పిలిస్తే పలకడానికి కట్టిన తాడు అది. ఊళ్లో పాలేరుకు కొట్టం పక్కన పాక వేసిచ్చిన దొర కూడా ఈ మాటే అనేవాడు. ఊరు మారింది, పాక సెల్లారులోకి వచ్చింది, మాట మారలేదు.

సెల్లారుల్లో ఉన్నవాళ్లంతా మన కులాలవాళ్లే అని మేం చెప్పడం లేదు. బీసీలున్నారు, గిరిజనులున్నారు. చాకిరీ ఎవరు చేసినా దానికి వెలకట్టే కన్ను మాత్రం ఊళ్లో మాలమాదిగల చాకిరీకి వెలకట్టిన కన్నే.

ఓనర్ల కష్టం అబద్ధమనీ అనడం లేదు. లోను కిస్తీ, పిల్లల ఫీజులు, పైన మెయింటెనెన్సు. మధ్యతరగతి నడుమూ వంగుతోంది. ఆ నొప్పి సర్కారుకు వినపడింది కూడా. మెయింటెనెన్సు మీద జీఎస్టీ పడే హద్దును ఒక్కో సభ్యుడికి నెలకు 5,000 నుంచి 7,500కి 2018 జనవరిలో పెంచారు. ఓనరుకు ధరలు పెరిగాయని కౌన్సిలు కూర్చుని హద్దు జరిపింది. సెల్లారుకు ధరలు పెరిగాయని ఏ కౌన్సిలు కూర్చుంది? కందిపప్పు ధర, నూనె ధర పైవాడికీ కిందివాడికీ ఒకటే గదా!

అసోసియేషన్ అంటే పండక్కి చందాలు వసూలు చేసే సంఘం కాదు. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం నుంచి 2016 నాటి రెరా దాకా చట్టం గుర్తించిన సంస్థ. దానికి బైలాస్ ఉంటాయి, బ్యాంకు ఖాతా ఉంటుంది, కార్పస్ ఫండు ఉంటుంది. ఎవరు ఏ లిఫ్టు ఎక్కాలో, పనిమనిషి ఏ గేటు నుంచి రావాలో, ఎవరిని పనిలో ఉంచాలో, ఎవరిని తీసెయ్యాలో నిర్ణయించేది అదే. ఒక రకంగా చిన్న పంచాయితీ. కాకపోతే ఈ పంచాయితీలో రిజర్వేషన్ లేదు. ఓటు ఓనరుకే. అద్దెకున్నవాడు నెలనెలా మెయింటెనెన్సు కడతాడు, ఓటుండదు. చాకిరీ చేసేవాడికి నోరే ఉండదు.

బ్రిటిష్ వాళ్ల కాలంలో ఓటు ఇట్లాగే ఉండేది. భూమి ఉన్నవాడికి, పన్ను కట్టినవాడికి ఓటు. 1928లో సైమన్ కమిషన్ ముందు బాబాసాహెబ్ అంబేద్కర్ వయోజనులందరికీ ఓటు ఉండాలని అడిగాడు. ఆస్తి లేనివాడికి ఓటు ఉంటేనే ఆస్తి ఉన్నవాడి దౌర్జన్యం నుంచి కాపాడుకోగలడన్నదే అందులోని కీలకం. రాజ్యాంగం ఆ ఓటు ఇచ్చింది. అసెంబ్లీకి ఓటేసే వాచ్‌మన్‌కు తాను ఊడ్చే మెట్ల మీద మాత్రం ఓటు లేదు. దేశం 1950లోకి వచ్చింది. అపార్ట్‌మెంటు ఇంకా 1928 దగ్గరే ఉంది.

ఇక కొనుక్కుని లోపలికొచ్చేవాళ్ల సంగతి. 1917లో బరోడాలో కొలువుకెళ్లిన అంబేద్కర్‌కు తలదాచుకోను చోటు దొరకలేదు. కులం తెలిసిపోయి, దిగిన సత్రం నుంచి గెంటేశారు. 2005లో అహ్మదాబాదు హౌసింగ్ సొసైటీ కేసులో సుప్రీం కోర్టు ఏం చెప్పింది? ఒక సమాజం వాళ్లకే సభ్యత్వమనే బైలా చెల్లుతుందంది. రాజ్యాంగంలోని సమానత్వ హక్కు సర్కారును కట్టేస్తుంది గానీ ప్రైవేటు సొసైటీని కాదంది. ఆ సమాజం చిన్నదే కావచ్చు. తలుపు మూసుకోవాలనుకునే పెద్ద కులాలకు కూడా ఆ తీర్పు గొళ్లెంలా పనికొస్తుంది. ఏ వాడలోనైనా ఇల్లు కొనడానికి, కట్టడానికి, ఉండడానికి అంటరానితనంతో అడ్డం పడితే నేరమని 1955 పౌరహక్కుల చట్టం చెబుతోంది గదా! మన దగ్గర బైలాలో రాయరు. “వెజిటేరియన్లకు మాత్రమే” అని టులెట్ బోర్డు మీద రాస్తారు. పని అయిపోతుంది.

అయినా అడ్డాలు దాటి మనోళ్లు కొందరు ఫ్లాట్లు కొన్నారు. రిజర్వేషన్‌తో ఉద్యోగం వచ్చింది, లోను వచ్చింది, మూడో అంతస్తు వచ్చింది. మంచిదే. ఇప్పుడు వాళ్లనే అడుగుతున్నాం. అన్నా, ఆ ఆదివారం మీటింగులో నువ్వేం చేస్తున్నావు? కులం బయటపడుతుందని వెనక కుర్చీలో కూర్చున్నావా? వాచ్‌మన్ జీతం పెంచొద్దన్నప్పుడు నువ్వూ చెయ్యెత్తావా? నువ్వు ఓటున్నవాడివి. ఆ ఓటు నీ ఒక్కడిది కాదు, సెల్లారులో ఉన్న నీ అన్నది కూడా.

జీతం ఒక్కటే అయితే రేపు చూద్దామనొచ్చు. ఇది ప్రాణం సంగతి కూడా. సెప్టిక్ ట్యాంకు నిండుతుంది. మిషనుకు ఖర్చెక్కువని సెక్రటరీ ఇద్దరు మనుషుల్ని మాట్లాడతాడు. మూత తీస్తారు, ఒకడు దిగుతాడు, విషవాయువు కొడుతుంది. వాణ్ని లాగబోయి రెండోవాడూ పోతాడు. ఎవరి పిల్లలు దిక్కులేనివాళ్లవుతారో చెప్పనక్కర్లేదు. మనిషిని అట్లా దించడం 2013 చట్టం కింద నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మురుగులో చనిపోయినవాడి కుటుంబానికి 30 లక్షలివ్వాలని 2023 అక్టోబరులో సుప్రీం కోర్టు చెప్పింది. ముప్పై లక్షలిచ్చినా మనిషి రాడు. మిషను ఖర్చు మిగిలిందని లెక్కల పుస్తకంలో రాసుకున్నవాడు ఆ పుస్తకాన్ని ఎవరి నెత్తుటితో రాశాడు?

అందుకే అడుగుతున్నాం. అసోసియేషన్ లెక్కలు నెలనెలా నోటీసు బోర్డు మీద పెట్టాలి. అందులో జీతాల పద్దు విడిగా కనపడాలి. మెయింటెనెన్సు పెరిగినప్పుడల్లా జీతం కూడా పెరగాలని బైలాలో రాయాలి. వారానికో రోజు సెలవివ్వాలి. బాబాసాహెబ్ లేబర్ మెంబరుగా ఉన్న 1946లోనే ఫ్యాక్టరీ కార్మికుడికి వారానికి 48 గంటల పని చట్టమైంది, సెల్లారుకు ఇంకెప్పుడు? సామాన్ల లిఫ్టు సామాన్లకుండాలి, మనుషుల లిఫ్టు మనుషులందరికీ ఉండాలి. ట్యాంకులోకి మనిషిని దించబోమని తీర్మానం చేసి గేటుకు అంటించాలి. అద్దెకున్నవాళ్లకూ పనివాళ్లకూ మీటింగులో కుర్చీ వెయ్యాలి, మాట్లాడనివ్వాలి.

ఇవేవీ విప్లవాలు కావు. అయిదంతస్తుల ఇంట్లో మనుషులు మనుషుల్లా బతకడానికి పెట్టిన చిన్న షరతులు. వచ్చే ఆదివారం మీటింగుకు మనోడు ఒక్కడైనా ముందు వరుసలో కూర్చుని ఈ కాగితం చదవాలి. వినకపోతే మళ్లీ ఆదివారం చదవాలి. కుర్చీలు వేసేవాడు కుర్చీలో కూర్చునేదాకా చదువుతూనే ఉండాలి.