అడ్మినిస్ట్రేటర్ ఎవరు?

ఇల్లు ఊడిస్తే చాకిరి. కంప్యూటర్ డిస్కు శుభ్రం చేస్తే సాంకేతిక పరిజ్ఞానం. మొదటి పని ఎవరి కంటికీ ఆనదు. రెండోది చేసే మగమనిషికి టీ అందించాలి, పిల్లల్ని అటు వెళ్లనివ్వకూడదు. ఇంతకీ ఆయన చేసేదేమిటి? అక్కర్లేని ఫైళ్లు తీసెయ్యడం, అప్‌డేట్లు వేయడం, వైరస్ స్కాన్ నడపడం, ముఖ్యమైనవాటికి ఇంకో కాపీ పెట్టడం. బియ్యంలో రాళ్లేరడం, ఆవకాయ జాడీకి బూజు పట్టకుండా చూసుకోవడం లాంటివే ఇవీ. ఓపికా, క్రమం తప్పకపోవడమూ ఉంటే చాలు. మరి ఇది మగవాడి విద్య ఎప్పుడయింది?

మొదట్లో అయితే కాదు. 1946 ఫిబ్రవరిలో అమెరికాలో ఎనియాక్ కంప్యూటర్‌ని లోకానికి చూపించారు. దానికి ప్రోగ్రాములు తయారుచేసింది ఆరుగురు స్త్రీలు. దాదాపు 18 వేల వాక్యూమ్ ట్యూబులున్న ఆ యంత్రం మొరాయిస్తే, లోపం ఏ ట్యూబులో ఉందో కూడా వాళ్లు పట్టుకోగలిగేవారు. ప్రదర్శనలో నడిచిన ప్రోగ్రాము జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్‌లది. ఆ రాత్రి విందుకు మాత్రం వాళ్లకి పిలుపు లేదు.

పని ఎవరు చేస్తున్నారన్నది సగం ప్రశ్నే. అధికారం ఎవరిదన్నది మిగతా సగం. విండోస్‌లో రెండు రకాల ఖాతాలుంటాయి: అడ్మినిస్ట్రేటర్, స్టాండర్డ్ యూజర్. మొదటి ఖాతా ఉన్న మనిషి రెండో మనిషి పాస్‌వర్డ్ మార్చగలడు, ఖాతానే తీసెయ్యగలడు, మామూలుగా ఆమె ఫోల్డర్లు తెరిచి చూడగలడు. ఆమె చాలా ప్రోగ్రాములు ఎక్కించుకోవాలంటే ఆయన వచ్చి పాస్‌వర్డ్ కొట్టాలి. పుట్టింటికి వెళ్లడానికి అడిగినట్టే దీనికీ అడగాలి. ఆ యంత్రంలో ఆమె డైరీ ఉంటుంది, సగం రాసిన కథ ఉంటుంది, ఒక్కోసారి లాయరుకి రాసిన ఉత్తరమూ ఉంటుంది. మనకంటూ ఒక గది కావాలని ఇన్నేళ్లుగా అంటున్నాం. దాని తాళంచెవి ఇంకొకరి జేబులో ఉంటే అది మన గది ఎలా అవుతుంది?

తెలుగులో రాసేవాళ్లకి ఇంకో ప్రమాదం ఉంది. అను ఫాంట్లలో టైపు చేసుకున్న మన పాత వ్యాసాలు యూనికోడ్‌లో లేవు. ఎవరో వచ్చి "ఫార్మాట్ కొట్టేస్తే సరి" అని సిస్టమ్ మళ్లీ వేస్తే ఆ ఫాంట్లు పోతాయి. ఫైళ్లు మిగిలినా అక్షరాల బదులు పిచ్చిగుర్తులు కనబడతాయి. నా కంప్యూటర్‌ని రిపేరుకి తీసుకెళితే ఆ షాపతను "ఒకసారి సార్‌తో మాట్లాడించండి మేడమ్" అన్నాడు. ఏ ఫైళ్లు ఉంచాలో సార్ చెప్పాలిట! అందులో ఉన్నది నా పదేళ్ల పరిశోధన.

"ఇంటెడు చాకిరీకి తోడు ఇదొకటా?" అని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. డిస్కు శుభ్రం చేసే పని ఆయనే చేయనీండి, వంటపనిలాగే పంచుకోండి. తెలివిడీ, తాళంచెవీ మాత్రం వదులుకోవద్దు. "నీకెందుకు శ్రమ, నేను చూసుకుంటాగా" అన్న ప్రేమలో "నీకు చేతకాదు" అన్న తీర్పు కూడా ఉంది.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. చాలా పాత యంత్రాలు విండోస్ 11కి పనికిరావు. కొత్తది కొనాలా, ఉన్నదాంట్లో లినక్స్ వేసుకోవాలా అన్నది డబ్బుతో ముడిపడిన నిర్ణయం, మన రాతలతో ముడిపడిన నిర్ణయం. అది మనం లేకుండా జరగకూడదు. ప్రతి స్త్రీకీ తన పేరుతో అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఉండాలి. సేఫ్ మోడ్‌లోకి ఎలా వెళ్లాలో తెలిసుండాలి. ఎవరి కంటా పడకూడని రాతలు బయటి డ్రైవ్‌లో తన బీరువాలోనే ఉండాలి. ఇందుకు ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.