ఆకలిని జయించడం అంటే ఏంటండీ అసలు?

ఏ పేద పిల్ల పతకం గెల్చినా పేపర్లో హెడ్డింగ్ రెడీగా ఉంటుంది. "ఆకలిని జయించి..." అని. అది మన ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లోకి ఫార్వర్డ్ అవుతుంది, కింద పది దణ్ణాలు, నాలుగు జెండాలు. ఈమధ్య నాకు ఆ హెడ్డింగ్ చూస్తేనే ఒళ్ళు మండుతోంది.

ఎందుకో చెప్తాను. మాది కర్నూలు జిల్లా పత్తికొండ. మా చిన్నాయన కూతురికి పదిహేడేళ్ళు, 1500 మీటర్లు పరిగెడుతుంది. ఓ హాస్టల్లో ఉండి ప్రాక్టీసు చేస్తోంది. పోయినేడాది మోకాలి కింద ఎముక చిట్లింది. పడిందీ లేదు, ఏదీ తగిలిందీ లేదు, ఉత్తి పరుగుకే. స్ట్రెస్ ఫ్రాక్చర్ అన్నాడు డాక్టరు. కాల్షియం మాత్రలు రాసి, రెస్టు తీసుకోమన్నాడు. అంతే. ఆయన అడగని ప్రశ్న మా అమ్మ అడిగింది.

"నెల నెలా వస్తోందా మే?"

"ఏడు నెల్లయింది పెద్దమ్మా. బాగా ట్రైనింగ్ చేస్తే ఆగిపోతుందంట, మంచిదేనంట. సీనియర్ అక్కోళ్ళు చెప్పినారు."

(ఇదంతా రాయమని తనే చెప్పింది, అందుకే రాస్తున్నా.)

దాని రోజు ఎలా ఉంటుందో అడిగా. తెల్లారి ఐదున్నరకి పరగడుపున గ్రౌండు. ఎనిమిదిన్నరకి ఉప్మా. మధ్యాహ్నం అన్నం, నీళ్ళపప్పు. సాయంత్రం మళ్ళీ రెండు గంటలు పరుగు. రాత్రి అన్నం, కొన్ని రోజులు గుడ్డు. శనివారం ఒక్కపొద్దు, అది దేవుడి లెక్క. సెలవులకి ఇంటికొస్తే చిన్నాయన, పిన్నమ్మ గుంటూరు మిరపకోతలకి సుగ్గికి పోయుంటారు. తనే వండి, తమ్ముడికి పెట్టి, మిగిలింది తింటుంది. "ఇంకొంచెం తినకూడదా" అంటే "బరువైతే టైము పోతాదంటారన్నా మా సారు" అంది.

సరే, ఇంజినీర్లం కదా, లెక్క వేద్దాం. తిన్న క్యాలరీల్లోంచి ప్రాక్టీసులో ఖర్చైనవి తీసెయ్యండి. మిగిలినదాన్ని ఒంట్లో కొవ్వు కాని బరువుతో భాగించండి. దీన్నే ఎనర్జీ అవైలబిలిటీ అంటారు. అంటే గుండె, మెదడు, ఎముకలు, హార్మోన్లు.. వీటన్నిటి సంసారానికీ మిగిలిన బడ్జెట్ అన్నమాట. మా పిల్ల 46 కిలోలు, కొవ్వు తీసేస్తే ఓ 38 అనుకోండి. నా అంచనాలో తిండి 1700, పరుగు ఖర్చు 700. మిగిలిన వెయ్యిని 38తో భాగిస్తే 26. ఆరోగ్యంగా ఉన్న ఆడపిల్లకి 45 దాకా కావాలంటారు. ఆన్ లౌక్స్ అనే శాస్త్రవేత్త 2003లో ప్రచురించిన ప్రయోగంలో 30 కన్నా కిందికి దించితే ఐదంటే ఐదు రోజుల్లోనే నెలసరిని నడిపే హార్మోను లయ తప్పింది. 30 అనేది అందరికీ ఒకేలా వర్తించే గీత కాదని తర్వాత తేలిందనుకోండి. అయినా 26 అంటే భయపడాల్సిన నంబరే.

మీ ఫోన్ బ్యాటరీ సేవర్లోకి వెళ్తే ఏం చేస్తుంది? కాల్స్ వస్తూనే ఉంటాయి, వెనకాల నడిచేవన్నీ ఆపేస్తుంది. ఒళ్ళూ అంతే. పరుగు ఆగదు. నెలసరి ఆగుతుంది, ఈస్ట్రోజన్ పడిపోతుంది, ఎముక రిపేరు వాయిదా పడుతుంది, జలుబు ఓ పట్టాన వదలదు. పైగా ఒళ్ళు ఖర్చు తగ్గించుకుంటుంది కాబట్టి తూకంలో ఏమీ తేడా కనపడకపోవచ్చు. కోచ్ తూకం చూసి అంతా బాగుందనుకుంటాడు.

ఇదేదో కొత్త సంగతి కాదు. 1990లలోనే దీన్ని ఆడ అథ్లెట్లలో గుర్తించి పేరు పెట్టారు. మగాళ్ళకీ వస్తుందని కలిపి, అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అని పేరు మార్చింది, 2023లో మళ్ళీ వివరంగా రాసింది. పదేళ్ళు దాటినా హాస్టల్ సీనియర్ "మంచిదే" అంటోందంటే ఎవర్ననాలి?

పి.టి. ఉషని తల్చుకోండి. 1984 లాస్ ఏంజెలెస్, 400 మీటర్ల హర్డిల్స్, సెకనులో వందో వంతు తేడాతో కంచు పోయింది. అక్కడ తనకి గంజి, ఊరగాయ తప్ప సరైన తిండి దొరకలేదనీ, చివరి మీటర్లలో అదే దెబ్బ కొట్టిందనీ తర్వాత ఆవిడే చెప్పారు. అది కొద్దిరోజుల సంగతి, మా పిల్లది ఏళ్ళ తరబడి.

ఇక మన జ్యోతి యర్రాజి. నాన్న సెక్యూరిటీ గార్డు, అమ్మ ఇళ్ళల్లో పని చేసేవారు అని అందరం చదివాం, కళ్ళు తుడుచుకున్నాం. ఆవిడ 2022లో 100 మీటర్ల హర్డిల్స్ జాతీయ రికార్డు ఎప్పుడు బద్దలుకొట్టింది? విశాఖ వదిలి, హైదరాబాద్, గుంటూరు శిక్షణ దాటి, భువనేశ్వర్లో మంచి కోచ్, ఫిజియో ఉన్న కేంద్రంలో చేరాక. కష్టం ఆవిడదే, కాదన్లేదు. కానీ హెడ్డింగులో క్రెడిటంతా పేదరికానికి పోయింది :)

"మా తాతలు సంగటి తిని ఎడ్లతో పరిగెత్తలేదా" అనేవాళ్ళు ఎలాగూ వస్తారు. సంగటి, ఊరిబిండి బంగారంలాంటి తిండి, నేనూ అదే తిని పెరిగా. తప్పు సంగటిది కాదు, చాలినంత లేకపోవడానిది. రాత్రి ఏడున్నరకి తిని, పొద్దున రెండు గంటలు పరిగెత్తి, ఎనిమిదిన్నర దాకా ఏమీ ముట్టకపోవడానిది.

మన సంగతీ చూద్దాం. పదహారు గంటలు ఉపవాసం, బ్లాక్ కాఫీ, గచ్చిబౌలిలో పది కిలోమీటర్లు, ఆపైన స్క్రీన్‌షాట్. పొట్ట ఉన్నవాడికి ఒకటి రెండు దోసెలు తగ్గితే నష్టం లేదు, నిజమే. ఆ లెక్కనే 46 కిలోల పిల్ల దగ్గరికెళ్ళి డిసిప్లిన్ అని చెప్తేనే నాకు మంట. మొన్న మా టీమ్ వాళ్ళు ఓ హాస్టల్ పిల్లలకి షూస్ పంచారు. మంచిదే. షూస్ ఫోటోలో బాగా పడతాయి. తెల్లారి ఐదింటికి రెండు అరటిపళ్ళు, ప్రాక్టీసు కాగానే బెల్లం వేసిన రాగిజావ, ఉడకబెట్టిన గుడ్డు.. వీటికి ఫండ్ అడిగితే "అది గవర్నమెంటు చూస్కోవాలి కదా బ్రో" అన్నారు.

మా అమ్మ శెనక్కాయ బెల్లం ఉండలు చేసి నెలకో డబ్బా పంపడం మొదలుపెట్టింది. ఐదు నెలలకి నెలసరి మళ్ళీ వచ్చింది. పరుగు మొదలుపెట్టింది గానీ పాత టైముకి ఇంకా నాలుగు సెకన్లు వెనకే ఉంది. డబ్బా నెలంతా రావట్లేదేమని పోయిన వారం ఫోన్లో అడిగా.

"రూములో పదకొండు మందిమి ఉంటామన్నా. రెండ్రోజుల్లో ఐపోతాది."