విందు ఉంది, పొరుగువాడెక్కడ?

వీధిలో షామియానా వేసుకొని ఇరుగుపొరుగంతా కలిసి భోంచేసే రోజులు పోయాయా? జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లో విందులు పోలేదు, పంక్తులే విడిపోయాయి. కార్తీక వనభోజనాలు చాలాచోట్ల కులాల పేరిట జరుగుతున్నాయి. మన క్రిస్మస్ ప్రేమవిందు కూడా తరచూ దళితపేట పొలిమేర దాటడం లేదు.

ఒకే భవనంలో ఉంటూ ముఖపరిచయం లేనివారిని కలపడానికి పారిస్‌లో 1999లో పొరుగువారి పండుగ మొదలుపెట్టారు. మనకు పరిచయాలకు కొదవలేదు, కలిసి కూర్చునే మనసే కరువైంది.

కొరింథు సంఘానిదీ ఇదే రోగం. కలిగినవారు ముందే తిని మత్తులయ్యారు, లేనివారు ఆకలితో మిగిలారు. అది ప్రభువు భోజనమే కాదని పౌలు తేల్చి చెప్పాడు (1 కొరింథీ 11:20-22). తిరిగి పిలవలేని బీదలనే విందుకు పిలవమన్నాడు యేసుప్రభువు (లూకా 14:12-14).

2023 జూలైలో ఐతవరం దగ్గర మున్నేరు పొంగి జాతీయ రహదారిని ముంచింది. ఒడ్డున చిక్కుకున్న వారిని ఆ నీరు కులం అడగలేదు. వరద అడగని ప్రశ్న విందు ఎందుకు అడగాలి?

ఈ క్రిస్మస్‌కు వీధి అవతలివారిని పిలుద్దాం. మొదటి విస్తరి వారికే వేద్దాం. వారు పిలిస్తే మనమూ వెళదాం. పొరుగువాడు లేని ప్రేమవిందులో ప్రేమ ఎక్కడుంటుంది?